కిటికీ కింద సంపెంగ

ఆ చలికాలం దాటకుండానే నేను పోతానని మా వాళ్ళందరికీ తెలుసు, నాకు తప్ప. డాక్టరుకు తెలుసు, మా ఆయనకు తెలుసు, మా వదినకు తెలుసు, పక్కింటి టైలరమ్మకు తెలుసు. ఆఖరికి పాలు పోసే మనిషికి కూడా ఎవరో చెప్పే ఉంటారు, ఆ రోజుల్లో చుక్క నీళ్ళు కలపకుండా పోశాడు. "ఏమయ్యా, నీ గేదెకు ఇన్నాళ్ళకు బుద్ధొచ్చిందా?" అని మంచం మీద నుంచే కేకేస్తే, మామూలుగా మాటకు నాలుగు మాటలు అప్పజెప్పేవాడు కాస్తా నోరు మెదపకుండా వెళ్ళిపోయాడు. పాపం, ఇంట్లో ఏం గొడవలో అనుకున్నాను. అంత తెలివి నాది.

వానలు వెనకబట్టే రోజుల్లో దగ్గు పట్టుకుంది. దగ్గేకదా అనుకుంటే జ్వరమైంది, జ్వరం కాస్తా మంచమెక్కించింది. ఊపిరితిత్తులకు నిమ్ము చేరిందన్నారు. ఆస్పత్రిలో నన్ను వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, ఎక్స్‌రే పట్టుకుని మా ఆయన లోపలికి వెళ్ళారు. ఎంతకీ రారు. నా తర్వాత వచ్చినవాళ్ళు కూడా మందులు తీసుకుని వెళ్ళిపోతున్నారు. చివరికి రుమాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చి, "మందులు సరిగ్గా వాడితే తగ్గిపోతుందట" అన్నారు.

"ఈ ముక్క చెప్పడానికి అంతసేపా?"

"లోపల ఫ్యానుంది. చల్లగా ఉందని కూర్చున్నాను."

నమ్మాను. మా ఆయనకు అబద్ధం చెప్పడం రాదని నాకు గట్టి నమ్మకం. నోటితో చెప్పడం రాదన్న మాట నిజమే, ఇప్పటికీ అదే అంటాను.

ఆయన ఊళ్ళో పెద్ద పార్కులో తోటమేస్త్రీ. మాటలు తక్కువ, మొక్కల మీదయితే మాత్రం కాస్త నోరు విప్పేవారు. నేను చదువుకున్నది అక్షరాలు కూడబలుక్కునేంత. కానీ సాయంత్రం ఆయన కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నప్పుడు "ఇవాళ ఏం చేశారండీ?" అని అడిగి అడిగి, ఏ మొక్క ఎప్పుడు పూస్తుందో, దేనికి ఎండ కావాలో, దేని వేరు గోడను పగలగొడుతుందో అన్నీ నోటికొచ్చేశాయి. ఒక సంగతి చెబుతాను వినండి. పార్కుకు ఎవరైనా పెద్దవాళ్ళు వస్తున్నారంటే వీళ్ళు మొక్కలు నాటరు. అంత వ్యవధి ఎక్కడిది? నర్సరీలో అప్పటికే విరగబూసి ఉన్న కుండీలను బండిలో తెచ్చి, గోతులు తీసి, కుండీ పళంగా భూమిలోకి దించేసి, అంచు కనపడకుండా పైన మట్టి కప్పుతారు. వచ్చినవాళ్ళు ఆహా ఓహో అంటారు. వాళ్ళ కారు గేటు దాటీ దాటగానే కుండీలు పైకి లాగి వెనక్కి పట్టుకుపోతారు. దాన్ని మా ఆయన కూర్చోబెట్టడం అనేవారు. "ఇవాళేం నాటారండీ?" అంటే, "నాటలేదు, కూర్చోబెట్టాం. ఎవరో వస్తున్నారు" అనేవారు. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఊరందరికీ తోటలు వేసే మనిషి, మా ఇంటి ముందు మాత్రం గడ్డిపోచ ఉండేది కాదు. ఎన్నేళ్ళు పోరానో! "పొద్దస్తమానం అదే పని, ఇంటికొచ్చి కూడానా?" అని కొట్టి పారేసేవారు. అలాంటిది, నేను మంచమెక్కాక ఒక సాయంత్రం తనంతట తనే వచ్చి మంచం పట్టెమీద కూర్చుని, "ముందు జాగాలో ఏం వేద్దామంటావు?" అని అడిగారు.

నాకు జ్వరం సగం దిగిపోయినట్టయింది. లేచి దిండుకు ఆనుకుని కూర్చున్నాను.

"గేటు మీదికి కాగితంపూలు. గులాబీరంగు వద్దు, ఊళ్ళో అందరికీ అదే. ఇటుకరంగు ఉంటుంది చూశారూ, అది."

"ఊఁ."

"ప్రహరీ పొడుగునా నూరువరహాలు. ఆ మూల నందివర్ధనం. ముద్దది కాదు, రేకుది."

"ఆ మూల ఎండ చాలదు."

"నందివర్ధనానికి అంత ఎండ అక్కర్లేదని మీరే అన్నారుగా. నన్ను పరీక్ష చేస్తున్నారా?"

ఆయన నవ్వలేదు. నేనే నవ్వుకుని దగ్గుకున్నాను.

"ఇంక ఇక్కడ, నా కిటికీ కింద, సంపెంగ. గింజ మొక్క తెండి, అంటు కట్టింది వద్దు."

అప్పుడు తలెత్తి చూశారు. "గింజది పూయడానికి చాలా ఏళ్ళు పడుతుందే."

"పడితే పడనీండి, మనకేం రైలు వెళ్ళిపోతోందా? అంటుది తొందరగా పూస్తుంది గానీ చెట్టవదని చెప్పింది మీరు కాదూ? నాకు చెట్టు కావాలి. మా ఉడత పెద్ద పరీక్షలకు దాని కింద కుర్చీ వేసుకుని చదువుకోవాలి."

"చూద్దాం" అని లేచి, పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టారు. చేతులకు మట్టేమీ లేదు. అయినా చాలాసేపు కడుక్కున్నారు.

ఉడత మా అమ్మాయి. ఒక్కతే. ఏది పెట్టినా సగం తిని సగం దాచుకునేది. దిండు కింద వేరుశనగలు, బీరువా వెనక బిస్కెట్లు, అందుకని ఆ పేరు. దాన్ని అప్పటికే మా వదిన తీసుకెళ్ళింది. వదిన అంటే మా ఆయనకు అక్క. ఊరికి ఆ చివర ఉంటారు, ఆమె భర్త అన్నయ్యగారికి ఫర్నిచర్ షాపు. పిల్లల్లేరు. మనసు మంచిదే, లేదని నేనెప్పుడూ అనలేదు. "పిల్లకు దగ్గు అంటుకుంటుందని డాక్టరు అన్నాడటగా అమ్మాయ్. నీకు తగ్గేదాకా నా దగ్గరుంచుతాను. ప్రతి ఆదివారం తీసుకొచ్చి నీకు చూపించే పూచీ నాది" అంది. నేనే పిల్ల బట్టలు ఏవి ఎక్కడున్నాయో మంచం మీద నుంచి చెప్పి సర్దించాను. వెళ్తూ వెళ్తూ అది నా దిండు కింద చెయ్యి పెట్టి, ఎప్పుడు దాచుకుందో, ఒక చాక్లెట్టు తీసుకుని పోయింది.

తర్వాత వారానికి మొక్కలు దిగాయి. ఆయన ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పనిచేశారు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. బంతులు, జినియాలు, కాస్మాస్, ఎర్రగా నిప్పుల్లా సాల్వియా, పళ్ళేలంతేసి డాలియాలు. కళ్ళు చెదిరిపోయాయంటే నమ్మండి. దారినపోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి చూస్తున్నారు. టైలరమ్మ వాళ్ళ మెట్ల మీద నిలబడి ముక్కున వేలేసుకుంది.

నేను మాత్రం చూసి చూసి, "ఏ మంత్రి వస్తున్నాడండీ మనింటికి?" అన్నాను.

ఆయన చేతిలో తవ్వుకోల ఆగిపోయింది.

"అది కాదండీ, ఇవన్నీ ఈ చలి ఉన్నన్నాళ్ళేగా? ఎండ ముదిరితే పీకి పారెయ్యాల్సినవేగా? కాగితంపూలేవి, నూరువరహాలేవి?"

"అవి మెల్లిగా వేద్దాం. ముందు కంటికి నిండుగా ఉండాలని..."

"సంపెంగ?"

"తెస్తానన్నానుగా."

తెచ్చారు కూడా. కిటికీ అంచు దాటి పైకొచ్చే ఎత్తు, ఆకులు నిగనిగలాడుతూ, కొనకొనకూ మొగ్గలు. నన్ను పడుకుని ఆ పక్కకు తిరగమని చెప్పి, తను ఈ పక్క గొయ్యి తీసి పెట్టేశారు. నేను తిరిగి చూసేసరికి కిటికీ నిండా చెట్టు. మర్నాటికి ఒక మొగ్గ విచ్చుకుంది. మందుల వాసన, కషాయాల వాసన, నా ఒంటి వాసన అన్నీ కొట్టుకుపోయి గది గదంతా సంపెంగ. నాకు ఏడుపొచ్చేసింది.

"గింజది కాదు కదూ ఇది?"

"పూతమీదున్నది దొరికింది. ఇదయితే నువ్వు చూస్తావని..." అని ఆగి, "చూసి సంతోషిస్తావని" అన్నారు.

సంతోషించాను. ఎందుకు సంతోషించలేదూ? రోజుల తరబడి ఆ చెట్టుతోనే మాట్లాడుకున్నాను. దాని మీద ఒక పిట్ట వచ్చి వాలేది, దానికి వదిన పేరు పెట్టాను, ఎప్పుడూ తల ఎగరేస్తూ ఉండేదని.

ఒక మధ్యాహ్నం ఎండ తియ్యగా ఉంది. ఆయన పార్కుకు వెళ్ళారు. జావ తెచ్చిన టైలరమ్మను పట్టుకుని, "నన్నొకసారి బయట కూర్చోబెట్టవే" అన్నాను.

"అన్నయ్యగారు బయటికి తీసుకురావద్దన్నారక్కా. చలిగాలి."

"ఎండలో చలిగాలేంటే నీ మొహం. మీ అన్నయ్యగారికి చెప్పనులే. నువ్వు చెప్పకు."

రెండు చేతులూ పట్టుకుని నడిపించి, సంపెంగ పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టింది. మొక్క మొదట్లో మట్టి గట్టిపడినట్టనిపించింది. మేస్త్రీ పెళ్ళాన్ని కదా, చెయ్యి ఊరుకోదు. కాస్త గుల్ల చేద్దామని వేళ్ళతో గీకాను. చిటికెన వేలు లోతు కూడా వెళ్ళలేదు, గట్టిగా ఏదో తగిలింది. రాయనుకుని పక్కకు జరిపి గీకాను. అక్కడా తగిలింది. వేలు అలాగే పోనిచ్చాను. అది వంకీ తిరిగి, గుండ్రంగా, మొక్క చుట్టూ పోయి మళ్ళీ మొదటికొచ్చింది.

కుండీ అంచు.

"ఏంటక్కా అక్కడ?" అంది టైలరమ్మ.

"ఏం లేదే. వానపాము."

మట్టి మళ్ళీ కప్పేసి, అరచేత్తో అద్ది చదును చేశాను. చేసిన పని కనపడకూడదని ఆయన ఎంత నున్నగా చేశారో అంత నున్నగానూ చేశాను. తర్వాత ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. డాలియాల కేసి చూశాను, బంతుల కేసి చూశాను. ఎవరో వస్తున్నారని కాదు, ఎవరో వెళ్ళిపోతున్నారని. అంతే తేడా.

"ఎండ తగ్గింది, లోపలికి పోదామా?" అని టైలరమ్మ నా మొహంలోకి చూసి, ఎందుకో ఏడవడం మొదలుపెట్టింది. "నువ్వెందుకే ఏడుస్తావు" అన్నాను. "దుమ్ము పడిందక్కా" అంది. రెండు కళ్ళల్లోనూ పడిందట.

దాన్నయినా తట్టుకున్నాను, చూడండి. మనిషన్నాక పోదా? మా ఆయన నోరు పెగల్లేదు, పూలతో సరిపెట్టుకున్నారు, అది ఆయన ప్రేమ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. ఆదివారం దాకా.

ఆదివారం వదిన ఉడతను తీసుకొచ్చింది. దగ్గరికి రానివ్వరుగా, గుమ్మం దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టారు. జుట్టు నేను అల్లేలాగ రెండు జడలు కాదు, ఒకటే జడ, పైకి మడిచి రిబ్బను. గోళ్ళ నిండా మట్టి.

"ఏమే, ఆ చేతులేంటి? అత్తయ్య నీ చేత పొలం దున్నిస్తోందా?"

"లేదమ్మా, నీళ్ళు పోశాను. నాన్న నాకు సంపెంగ పెట్టారుగా."

"చూశాను, ఇదిగో కిటికీలోనే ఉంది."

"ఇది కాదు. అత్తయ్య వాళ్ళింట్లో. నాదది. గింజ మొక్క! ఇంతే ఉంది" అని జానెడు చూపించింది. "నేను పెద్ద పరీక్షలకు చదువుకునేటప్పటికి గొడుగంత అవుతుందట. దాని కింద కుర్చీ వేసుకోవచ్చట."

వదిన కుర్చీలోంచి లేచి, "పద తల్లీ, అమ్మ అలిసిపోతుంది" అంది.

"ఉండండి వదినా" అన్నాను. "నేలలో పెట్టారా, కుండీలోనా?"

"నేలలోనే! గొయ్యి నా నడుం దాకా వచ్చింది. నేను దిగి చూశాను కూడా. ఎరువు వేశారు, మళ్ళీ మట్టి వేశారు, మళ్ళీ ఎరువు."

"మనింట్లో ఎందుకు పెట్టలేదో అడిగావా నాన్నని?"

పిల్ల నోరు తెరిచింది. తెరిచి, వాళ్ళత్త కేసి చూసి, మూసేసింది. తర్వాత చాలా చిన్నగా, "చెప్పొద్దన్నారు" అంది.

నేనింకేమీ అడగలేదు. తిన్నావా, బడిలో ఏం చెప్పారు, ఒక్క జడ బాగుందే అని ఏవో అన్నాను. వెళ్ళేటప్పుడు అది దూరం నుంచే చెయ్యి ఊపింది.

వాళ్ళు అటు వెళ్ళాక ఆయన మందు గ్లాసు పట్టుకుని వచ్చారు. తాగి, గ్లాసు చేతికిస్తూ అడిగాను.

"సంపెంగ వేళ్ళు గోడ కిందికి పోతాయేమోనండీ. పునాదికి ఇబ్బంది రాదూ?"

"రాదులే."

"ఎందుకు రాదు?"

గ్లాసు పక్కన పెట్టడానికి వంగారు.

"పిల్లను మీ అక్కకు ఇచ్చేశారా, ఇంకా అనుకుంటున్నారా?"

గ్లాసు చేతిలో ఉండిపోయింది. "ఎవరు చెప్పారు నీకు?" అన్నారు.

"ఎవరూ చెప్పలేదు. వేలికి తగిలింది."

ఆయన కిటికీ కేసి చూశారు. అర్థమైంది. మంచం పక్కన నేల మీద కూలబడిపోయారు. అంత మనిషి ముడుచుకుని, గ్లాసు రెండు చేతులా పట్టుకుని.

"నీ కళ్ళ ముందు పూలుండాలనుకున్నానే. అంతే. ఇంకో ఉద్దేశం లేదు."

"పూల సంగతి కాదు నేనడుగుతున్నది."

"నేనొక్కణ్ణీ దాన్నెలా పెంచను? తెల్లారకుండా పార్కుకు పోవాలి. ఆడపిల్ల. అక్కయితే కళ్ళల్లో పెట్టుకుంటుంది."

"నన్నడగాల్సింది."

"ఏమని అడగను?" ఒక్కసారిగా గొంతు లేచింది. "నువ్వు పోయాక పిల్లనేం చెయ్యమంటావని అడగనా?"

"ఆ. అలాగే అడగాల్సింది. దాన్ని కన్నది నేను. నేను పోయేది ఎలాగూ పోతాను, దాన్ని ఎవరి చేతిలో పెట్టి పోవాలో నేను చెప్పేదాన్నిగా. మీ అక్కనే చెప్పేదాన్నేమో. నా నోటితో చెప్పేదాన్ని. నేనడిగిన మొక్క, నేనడిగినట్టే, గింజది, నేలలో, కింద కుర్చీ వేసుకునేది. అంతా పట్టుకెళ్ళి ఇంకొకళ్ళింట్లో పెట్టారు. నాకేమో కుండీ తెచ్చి కూర్చోబెట్టారు."

ఆయన ఏడ్చారు. నేను ఏడవలేదు. ఏడిస్తే దగ్గొస్తుంది.

ఇంక ఆ తర్వాత జరిగింది వింటే నవ్వుతారు. నేను పోలేదు.

పెద్ద డాక్టరు సెలవు పెడితే, ఆ కుర్చీలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ కూర్చుంది. పాత ఎక్స్‌రే, కొత్త ఎక్స్‌రే రెండూ వెలుతురుకు పెట్టి చూసి, మందు మార్చింది. ఈసారి నన్ను బయట కూర్చోమంటే కూర్చోలేదు. "ఏం చెప్పినా నా ముందే చెప్పమ్మా, మధ్యలో మా ఆయనకు శ్రమెందుకు?" అన్నాను. జ్వరం దిగింది. ఆకలి మొదలైంది. చలి వెనకబట్టేసరికి గోడ పట్టుకోకుండా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. అప్పటికి బంతులు ఎండి పుల్లలైపోయాయి, డాలియాలు నల్లబడి వాలిపోయాయి. నేను మాత్రం పచ్చగా ఉన్నాను.

చావాల్సిన మనిషి చావకపోతే ఇంట్లోవాళ్ళు ఎంత ఇరకాటంలో పడతారో మీకు తెలియదు. స్టేషనుకు వచ్చి, కన్నీళ్ళు పెట్టుకుని, జాగ్రత్తలు చెప్పి, చేతులూపి వీడ్కోలిచ్చాక రైలు కదలకపోతే ఎలా ఉంటుంది? వెళ్ళిపోలేరు, ఉండలేరు, మాటలు అయిపోయి ఉంటాయి. మా ఆయన అలా ఉండేవారు. సంతోషం లేక కాదు, చచ్చేంత సంతోషం, రోజూ తూనిక వేయించేవారు నన్ను ఆస్పత్రిలో. కానీ నా మొహంలోకి చూడలేకపోయేవారు. బీరువా సర్దుతుంటే బట్టల వెనక నా ఫొటో దొరికింది, పెద్దది చేయించి అద్దం కట్టించినది. బాగానే ఉన్నాను అందులో. తీసి, "ఎక్కడ తగిలిస్తారండీ?" అని అడిగితే లోపలికి వెళ్ళిపోయారు.

పార్కు బండి వచ్చింది కుండీల కోసం. ఆయన సంపెంగను మాత్రం తియ్యొద్దని వాళ్ళతో గుసగుసలాడుతున్నారు. ఆఫీసులో చెప్పుకుంటాను, కుండీ పగలగొట్టి దీన్ని ఇక్కడే నేలలో పెట్టేస్తాను అంటున్నారు.

"తియ్యనివ్వండి" అన్నాను కిటికీలోంచి. "పార్కుది పార్కుకు పోనీండి."

"ఉండనీవే. నీకిష్టంగా."

"నా చెట్టు ఎక్కడుందో నాకు తెలుసు. దాన్ని చూడ్డానికే వెళ్దాం, రిక్షా పిలవండి."

వదిన ఇంటి గేటు తియ్యగానే ఎదురుగా అదే కనపడింది. మా ఆయన పని ఎక్కడున్నా గుర్తుపడతాను. జానెడు మొక్కకు ఎంత పాదు కట్టారో! రేపు మహావృక్షమయ్యాక కూడా సరిపోయే పాదు. చుట్టూ ఇటుకలు ఏటవాలుగా పాతి, పక్కన కర్ర నాటి, కొబ్బరిపీచుతో మొక్కను కర్రకు కట్టారు, ఒరుసుకోకుండా వదులుగా, పసిపిల్లకు మొలతాడు కట్టినట్టు. కొత్త చిగురు వేసింది. నిలదొక్కుకుందన్నమాట. ఆయన గేటు బయటే నిలబడిపోయారు, లోపలికి రాలేదు.

వదిన నన్ను చూసి కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. కళ్ళు అప్పటికే ఎర్రగా ఉన్నాయి. "తీసుకెళ్ళు అమ్మాయ్. నీ పిల్ల. కాదనడానికి నేనెవర్ని?" అంది. అంటూనే, "బడి ఇక్కడికి మార్పించేశాం. ఏడాది మధ్యలో మళ్ళీ మార్పిస్తే పిల్ల కంగారు పడుతుందేమో" అంది. "గదికి రంగు వేయించారు మీ అన్నయ్యగారు. చదువుకోవడానికి బల్ల కూడా చేయించారు. దాని ఎత్తుకు కొలిచి మరీ. సరే, బల్లకేముందిలే, షాపులో పెట్టి ఎవరికైనా..." అని, కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆమెను ఏమని తిట్టను? నా చావు కోసం కాచుక్కూర్చోలేదు. పిల్లను చేతిలో పెడతామంటే చెయ్యి చాపింది.

అప్పుడు బడినుంచి వచ్చింది ఉడత. నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది, ఒళ్ళో తల పెట్టుకుంది, "అమ్మా నువ్వు లావయ్యావే!" అంది. అన్నీ బాగానే ఉన్నాయి. కాసేపటికి లేచి, చెంబుతో నీళ్ళు తెచ్చి, పాదు అంచు తెగకుండా చేతి మీదుగా జారవిడుస్తూ పోసింది. వాళ్ళ నాన్న నేర్పి ఉంటారు.

"పదవే, వెళ్దాం" అన్నాను.

చెంబు కింద పెట్టి నా కేసి చూసింది. వెళ్ళననలేదు. ఏడవలేదు. పరికిణీకి చేతులు తుడుచుకుంటూ, "ఎన్నాళ్ళకమ్మా?" అని అడిగింది.

గేటు దగ్గర ఆయన తల దించుకున్నారు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఎన్నాళ్ళకేమిటే, ఎప్పటికీ, నువ్వు నా కూతురివి, ఆ మాట నాలుక చివరే ఉంది. అంటే చాలు, నా వెంట వచ్చేదే. బల్ల వదిలి, బడి వదిలి, ఈ చిగురు వదిలి, మొహం వేలాడేసుకుని వచ్చేది. పిల్లను ఒకసారి వేళ్ళతో సహా పెకలించారు నాకు చెప్పకుండా. ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంది. మళ్ళీ నేను పెకలించనా?

"నీకు ఎన్నాళ్ళుండాలనుంటే అన్నాళ్ళు" అన్నాను.

వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. "అయితే ఆదివారం సాయంత్రం వచ్చేద్దాం. సోమవారం బడుందిగా. దీనికి నీళ్ళు పొయ్యమని అత్తయ్యకు చెప్తాను."

"సరే" అన్నాను.

బట్టలు నేను సర్దబోతే, ఏవి ఎక్కడున్నాయో నాకు తెలియలేదు. అదే సర్దుకుంది, చిన్న సంచిలో. చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ గేటు దాకా వచ్చాను. ఆయన గేటు తెరిచి పట్టుకున్నారు. అది నా చెయ్యి పట్టుకునే వెనక్కి తిరిగి, గుమ్మంలో నిలబడ్డ మా వదినకు రెండో చెయ్యి ఊపింది.

"అత్తయ్యా, అమ్మ వాళ్ళింటికి వెళ్ళొస్తా!" అంది.